దుప్పటి సోలాపూర్‌ది, చేతులు మనోళ్లవి

మొన్న అటక మీంచి పాత సోలాపూర్ దుప్పటి దింపాం. మందపాటి నూలుది. ఎన్నిసార్లు ఉతికారో గానీ రంగు వెలిసింది తప్ప బొమ్మ చెదరలేదు. తిరగేసి చూస్తే అవతలా అదే బొమ్మ, రంగులు మాత్రం తారుమారు.

ఆ బొమ్మని నేసేది మన వృత్తికి తాతలాంటి యంత్రం, జకార్డ్. 1804లో ఫ్రాన్సులో పుట్టింది. వరసగా కుట్టిన అట్టలు, వాటికి చిల్లులు. ఒక్కో అట్ట ఒక్కో పేక వరసకి. చిల్లున్న చోట కొక్కెం పడుగు పోగుని పైకి లేపుతుంది, లేనిచోట లేపదు. ఒకటీ, సున్నా... అంతే! ఛార్లెస్ బాబేజ్ తన అనలిటికల్ ఇంజన్‌కి ఈ అట్టలే వాడదామనుకున్నాడు.

అసలు సంగతేంటంటే, సోలాపూర్‌లో ఆ మగ్గాల దగ్గర నిలబడ్డవాళ్లలో చాలామంది తెలుగు పద్మశాలీలు. 1877లో అక్కడ బట్టల మిల్లు వచ్చింది. కరువుకీ అప్పులకీ తాళలేక ఇటు సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల వైపు నుంచి తరతరాలుగా సోలాపూర్‌కీ, భివండీకీ వలస పోయారు. దుప్పటి మీద కనిపించే పుల్గం అనే పేరు కూడా మన ఇంటిపేరే. 2005లో సోలాపూర్ చద్దరుకి భౌగోళిక గుర్తింపొచ్చింది. అక్కడి కూలీలంతా బాగుపడ్డారని కాదు, కానీ సరుకుకంటూ ఒక పేరుంది.

మరి సిరిసిల్ల? వేల మరమగ్గాలున్నాయి, ఎక్కువగా నేసేది పాలిస్టర్. నూలు సేటుది, మగ్గం ఆసామిది, నడిపేది కార్మికుడు. మీటరుకింత అని కూలి. 2017లో బతుకమ్మ చీరల ఆర్డర్లొస్తే ఊపిరి పీల్చుకున్నారు. అవి ఆగాక 2024లో మళ్లీ మగ్గాలు ఆగాయి. పనితనంలో లోటు లేదండీ. ఏం నెయ్యాలో, ఎవరికి అమ్మాలో తేల్చేది వేరేవాళ్లు, అదీ చిక్కు.

ఇది రాస్తుంటే మన ఆఫీసే గుర్తొచ్చింది. స్పెక్ క్లయింటుది, బ్రాండు క్లయింటుది, గంటకింత రేటు మనది. ఏసీలో కూర్చున్నా మనమూ ఆసాములమే కదా :-)

మీ ఇంట్లో సోలాపూర్ దుప్పటుంటే ఓసారి లేబుల్ చూడండి. మీకు తెలిసిన ఇంటిపేరు కనబడొచ్చు.