కార్తీకమాసపు పెరడు

బతుకమ్మలు చెరువు చేరిన తరువాత పల్లెలలో పూల కథ ముగిసినట్లేనని పట్టణవాసులు తలపోస్తారు. అప్పటికి వానలు వెనుకబడతాయి, చెలకలు ఆరిపోతాయి, గట్లమీది గడ్డి పసుపుబారుతుంది. కాని శ్రోతలు ఒక్కసారి నల్లగొండ, పాలమూరు సీమల ఇండ్ల వెనుకకు వెళ్లి చూడవలెను. ఆశ్వయుజ బహుళం మొదలు మార్గశిరం దాక ఆ పెరళ్లలో కనిపించే కళ శ్రావణ భాద్రపదాలలో సైతం కానరాదు. పందిరిమీద చిక్కుడు పూత, గోడవార బంతి, తులసికోట చెంత చేమంతి, మూలన సీతాఫలపు చెట్టు. నాలుగు బారల నేలలో మూడు ఖండాల చరిత్ర ఒదిగి ఉన్నది.

పాలమూరు 1890లో ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ పేరిట మహబూబ్‌నగర్ అయినది. 2016 దసరానాడు ఈ రెండు పాత జిల్లాలను విభజించి సూర్యాపేట, యాదాద్రి, నాగర్‌కర్నూలు, వనపర్తి, గద్వాల మొదలైన కొత్త జిల్లాలను ఏర్పరచినారు. నేను పాత పేర్లనే వాడుతున్నాను. మొక్కలకు జిల్లా సరిహద్దులు తెలియవు గదా! ఎర్రనేల, అడుగున రాయి, సాలుకు సాధారణంగా 600 నుండి 750 మిల్లీమీటర్ల వాన. కృష్ణ దిగువన లోతుగా పారుతూ పోతుంది. మెట్టన ఉన్న ఇంటి పెరటికి దక్కేది స్నానాలు చేసిన నీరు, గిన్నెలు కడిగిన నీరు. ఆ నీటికి ఎంత నేల తడిసితే అంతే తోట.

ఈ పెరటికి మొదటి పెట్టుబడి పశువు ఇచ్చినది. పాలమూరు జిల్లా మక్తల్ ప్రాంతంలోని ఉట్నూరులో 1957లో ఆల్చిన్ అనే ఆంగ్ల పురావస్తు శాస్త్రజ్ఞుడు ఒక బూడిద దిబ్బను త్రవ్వించినాడు. ప్రజలు రాక్షసుల కథలు చెప్పుకొనే ఇటువంటి దిబ్బలు దక్కనులో పెక్కు కలవు. అక్కడ బయటపడినవి గుంజలు పాతి కట్టిన పశువుల దొడ్లు, ఆవుల గిట్టల ముద్రలు, పలుమారులు కాలిన పేడ పొరలు. నాలుగున్నర వేల ఏండ్లకు పైబడిన నవీన శిలాయుగపు పశుపాలకుల ఆనవాళ్లవి. ఉట్నూరులో తోట ఉండెనని నేను చెప్పబోవడం లేదు. అయితే అదే సంస్కృతికి చెందిన బళ్లారి దగ్గరి సంగనకల్లులో ఉలవలు, పెసలతోబాటు మాడిన చిక్కుడు గింజలు కూడ దొరికినవి. చిక్కుడు పుట్టినిల్లు ఆఫ్రికా అని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. అంటే మన పందిరిమీది అతి పాత కాపురస్థురాలు కూడ ఒకనాడు సముద్రం దాటి వచ్చినదే.

చిక్కుడును మృగశిర, ఆరుద్ర కార్తెలలో పెడతారు. వానకాలమంతా తీగ సాగుతుంది, ఆకు దట్టమవుతుంది, పూత మాత్రం రాదు. కొత్తగా పెంచేవారు మందులేదో తక్కువైనదని కంగారు పడతారు. ఇంటి పెద్దలు మాత్రం చలిగాలి తిరగనిమ్మంటారు. ఈ అనుభవానికి శాస్త్ర కారణం 1920లో తెలిసినది. అమెరికా వ్యవసాయశాఖలో పనిచేసిన గార్నర్, అల్లార్డ్ అనే ఇద్దరు ఒక జాతి పొగాకును, సోయాచిక్కుడును పరీక్షించి, కొన్ని మొక్కలు పగటి పొడవు తగ్గినపుడే పూస్తాయని ప్రకటించినారు. నిజానికి మొక్క గమనించేది రాత్రి పొడవునని తరువాతి పరిశోధనలు తేల్చినవి. మన అక్షాంశంలో అతి దీర్ఘమైన పగటికీ, అతి హ్రస్వమైన పగటికీ తేడా సుమారు రెండు గంటలే. ఆ కొద్దిపాటి తేడాను నాటు చిక్కుడు గుర్తించగలదు, చేమంతి గుర్తించగలదు. తోటలన్నీ వాడే వేళ మన పెరడు విరియడంలోని కిటుకు ఇదే.

ఇక బంతి. గుమ్మానికి బంతిదండ లేనిది దసరా దీపావళులు లేవు గనుక అది వేదకాలం నాటి పువ్వని నమ్మేవారున్నారు. అది మెక్సికో దేశపు మొక్క. అమెరికా ఖండపు మొక్కలు 16వ శతాబ్దినుండి పోర్చుగీసువారి ఓడల వెంట మన రేవులకు దిగినవి. బతుకమ్మ పళ్లెంలోని గుమ్మడి పువ్వూ ఆ దిక్కునుండి వచ్చినదే, పెరటిలోని మిరపా అంతే. బతుకమ్మలో ఈ నేల సొంతబిడ్డలు తంగేడు, గునుగు. గునుగు చేలలో కలుపుగా మొలుస్తుంది; తంగేడు బీళ్లలో తనంతట పెరుగుతుంది, దాని చెక్కతో తోళ్లు ఊనుతారు. వీటికి పెరటిలో చోటిచ్చినవారు తక్కువ. 2014లో తంగేడును తెలంగాణ రాష్ట్ర పుష్పంగా ప్రకటించినారు. పిలువకుండ వచ్చే పువ్వుకు దక్కిన గౌరవమది!

సీతాఫలం విషయంలో పండితుల తగవు ఒకటి ఉన్నది. భర్హుత్ స్తూపంపై చెక్కిన ఒక పండును చూసి 1879లో అలెగ్జాండర్ కన్నింగ్‌హాం అది సీతాఫలమే అన్నాడు. అమెరికా మొక్క క్రీస్తుకు పూర్వపు శిల్పంలోకి ఎట్లు వచ్చునని వృక్షశాస్త్రజ్ఞులు అడ్డుతగిలినారు. నాకు వృక్షశాస్త్రజ్ఞుల వాదమే సబబుగా తోస్తుంది. శిల్పి చెక్కిన గరుకు పండు పనస కావచ్చు, మరొకటి కావచ్చు. ఎక్కడ పుట్టినా ఈ చెట్టు పాలమూరు గుట్టలను తన సొంతం చేసుకొన్నది. మేకలు దీని ఆకు ముట్టవు. నీరు పోయకున్నా బ్రతుకుతుంది. ఈ జిల్లాలోని బాలానగర్ పేరిట ఒక సీతాఫలపు రకమే దేశమంతటా వ్యాపించినది.

రాజుల తోటలను గురించి మనకు శాసనాలున్నవి. కాకతీయుల నాటి దానశాసనాలలో దేవుని పూజకు విడిచిన పూదోటలు కనిపిస్తాయి. పానగల్లు, పిల్లలమర్రి గుడులు చూచినవారు ఆ వైభవాన్ని ఊహించుకోగలరు. పేదయింటి పెరటిని గురించి మాత్రం ఏ రాయీ పలుకదు. పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డిగారు 1949లో వెలువరించిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ కొరకు సామాన్యుల తిండినీ బట్టనూ ఆటపాటలనూ కావ్యాలలో వెదకవలసి వచ్చినది అందుకే.

పెరడుండవలెనంటే ముందు జాగా ఉండవలెను గదా. వెట్టిచాకిరి సాగిన కాలంలో ఇతరుల గడీలలో పొద్దు గడిపేవారికి తమ గుడిసె వెనుక పాదు తీసే తీరిక ఎక్కడిది? 1951 ఏప్రిల్ 18న నల్లగొండ జిల్లా పోచంపల్లిలో దళితులు వినోబాభావేను 80 ఎకరాలు అడుగగా వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలిచ్చిన సంగతి జగమెరిగినది. భూదానమంటే మనము పొలాలనే తలుస్తాము. ఇంటివెనుక పందిరి వేసుకొనే నేలకూడ భూమేనని నా ఉద్దేశం.

జాగా ఉన్న ఇంట సైతం కార్తీకానికి మనుషులుండరు. దసరా, దీపావళి వెళ్లగానే గుంపు మేస్త్రీల వెంట పాలమూరు కూలీలు పనులకు కదలిపోవడం తరాలనాటి వాడుక. దేశంలో పెక్కు ఆనకట్టలకు, కాలువలకు వారు మట్టి మోసినారు. ఈ వలస ఇప్పటికీ పూర్తిగా ఆగలేదు. బలమున్నవారు వెళ్లిన తరువాత ఇంట మిగిలేది ముసలివారు, బడి పిల్లలు. సరిగా ఆ రోజులలోనే చిక్కుడు కాపుకు వస్తుంది. అంగడికి పోలేని అవ్వకు, మనుమడికి మాఘం దాక కూర ఆ పందిరే ఇవ్వవలెను. క్షీరాబ్ది ద్వాదశినాడు తులసికోటలో ఉసిరికొమ్మ నాటి దీపం పెట్టేదీ ఆ అవ్వే. తీగకు ముడి విప్పడం, పేనుపట్టిన కొనలను గిల్లి బూడిద చల్లడం పిల్లలు ఆమెవద్ద నేర్చుకొంటారు.

రథసప్తమికి చిక్కుడు కాయలను పుల్లలతో గుచ్చి సూర్యునికి రథం చేస్తారు. అప్పటికి పందిరి పలుచబడుతుంది. ముదిరిన కాయలను తీగమీదనే ఎండనిచ్చి, గింజలు ఒలిచి, బూడిద కలిపి కుండలో పోసి మూత కడతారు. వలస వెళ్లినవారు తొలకరికి తిరిగి వచ్చేసరికి ఆ విత్తనం ఇంట సిద్ధంగా ఉంటుంది.