సర్వరు నిలిచిపోయిన వేళ

దిల్‌సుఖ్‌నగర్ మొదలు ఎల్‌బీ నగర్, వనస్థలిపురం, హయత్‌నగర్ వరకు హైదరాబాదు తూర్పు భాగమున గడచిన కొన్ని దశాబ్దములలో చేలు ప్లాట్లుగాను, ప్లాట్లు మేడలుగాను మారినవి. ఇల్లు కొనవలెనన్నను, అమ్మవలెనన్నను, తాకట్టు పెట్టి అప్పు తేవలెనన్నను సబ్‌రిజిస్ట్రారు కార్యాలయపు గడప త్రొక్కక తప్పదు. అచ్చట ఒక్కొక్కనాడు వినవచ్చు మాట "సర్వర్ డౌన్". కూతురి పెండ్లికై స్థలము అమ్ముకొనుచున్న తండ్రి, ఒక్కరోజు సెలవు పెట్టి పొరుగూరి నుండి వచ్చిన సాక్షి, దస్తావేజు వ్రాసిన లేఖరి, అందరు బెంచీలపై చేరగిలబడుదురు. చదువురాని వారికి సైతము ఈ మాట తెలిసిపోయినది. కాని సర్వరు అనగా నేమి, అది ఏల నిలిచిపోవును, నిలువకుండుటకు మానవుడు ఏమేమి ఉపాయములు పన్నినాడు అని విచారించువారు తక్కువ. ఆ కథ సుమారు ఎనుబది ఏండ్లది.

సర్వరు అనగా వడ్డించునది. పంక్తిలో కూర్చున్నవారు అడిగిన పదార్థమును తెచ్చి వడ్డించువాని వలె, దూరముననున్న కంప్యూటర్లు అడిగిన సమాచారమును తీసి పంపు కంప్యూటరే సర్వరు. వెబ్‌సైటు పెట్టదలచిన ప్రతివాడు స్వంత సర్వరు కొననక్కరలేదు. దిల్‌సుఖ్‌నగర్ బజారులో మడిగె అద్దెకు తీసికొని సరకు పెట్టుకొనునట్లు, ఒక సంస్థ సర్వరులో కొంత చోటు అద్దెకు తీసికొనవచ్చును. దీనినే వెబ్ హోస్టింగ్ అందురు. కాని మడిగెకు రాత్రి తాళము వేయవచ్చును. సర్వరుకు తాళము వేయు వేళ లేదు. ఇక్కడ రాత్రియైనపుడు అమెరికాలో పగలు. అక్కడి తెలుగువారు తమ ఊరి స్థలపు వివరములు చూచుకొనునది అప్పుడే.

ఆగక నడువవలెననెడి చింత తొలితరపు కంప్యూటర్లతోనే పుట్టినది. 1946 ఫిబ్రవరిలో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో లోకమునకు చూపబడిన ఎనియాక్ యంత్రమునందు, పాత రేడియోలలో ఉండెడి వాల్వుల వంటివి సుమారు 18,000 ఉండెను. ఒక్క వాల్వు మాడినను లెక్క తప్పును. ఇన్ని వాల్వులతో యంత్రము నిమిషమైనను నడువదని పలువురు పెదవి విరిచిరి. ప్రెస్పర్ ఎకర్ట్ అను ఇంజనీరు వాల్వులను వాటి శక్తికి మించి కాదు, శక్తికన్న చాల తక్కువగా పనిచేయించెను. ఎద్దుచేత మోయగలిగినంత బరువు మోయించక సగమే మోయించినట్లన్నమాట. మరియొక విషయమును కూడ కనిపెట్టిరి. వాల్వులు ఎక్కువగా చెడునది నడచునపుడు కాదు, ఆర్పినపుడును వెలిగించినపుడును. వేడెక్కుట, చల్లారుట అనునవే వాటికి ప్రాణాంతకములు. కావున యంత్రమును ఆర్పుటయే మానివేసిరి. అయినను సుమారు రెండు దినముల కొక వాల్వు పోవుచుండెను. ఎనియాక్ తన జీవితమున చెడక నడచిన మిక్కిలి దీర్ఘకాలము 116 గంటలు, అది 1954లో. అయిదు దినములైనను నిండలేదు!

వాల్వులు పోయి ట్రాన్సిస్టర్లు, చిప్పులు వచ్చినవి. హైదరాబాదు తూర్పు దిక్కునే 1967లో స్థాపించిన ఇ.సి.ఐ.ఎల్. సంస్థ 1969లో టి.డి.సి.-12 అను కంప్యూటరును తయారుచేసినది. యంత్రములు గట్టిపడినవి గాని నిలిచిపోవుట అంతరింపలేదు. నేటి సర్వరునందు డిస్కులు అరుగును, పంకాలకు దుమ్ము పట్టును, యు.పి.ఎస్. బ్యాటరీలు ముసలివగును, ప్రోగ్రాములలో దొంగలు చొరబడు కంతలు బయటపడును. వీటిని సరిచేయుటకు సర్వరును అప్పుడప్పుడు ఆపవలసియే యుండును. ఎల్‌బీ నగర్ వాసులకు దీనిని వివరింపనక్కరలేదు. 2004 నుండి వారి ప్రాంతమునకు కోదండాపురమున శుద్ధియైన కృష్ణానీరు పెద్ద గొట్టములగుండ సాహెబ్‌నగర్ జలాశయమునకు వచ్చుచున్నది. గొట్టపు మరమ్మతుకై ఫలానా దినమున నీరు రాదని జలమండలి ముందుగా ప్రకటించును. ఆ ముందురోజు ఇంటింట బిందెలు నిండును. ప్రకటనలేక గొట్టము పగిలిననాడో, బిందెలు ఖాళీ, ట్యాంకరు కొరకు పరుగులు. సర్వరు విషయమునను ఈ రెండు విధముల నిలుపుదలలు కలవు. మొదటిది రెండవదానిని తప్పించుటకు చెల్లించు మూల్యము.

ఆపకయే మరమ్మతు చేయు ఉపాయము జంట యంత్రములు. ఇచ్చట చిన్న లెక్క చూతము. ఒక సర్వరు నూటికి 99 పాళ్లు నడచునని అనుకొందము. వినుటకు బాగుగానే యున్నది గాని, సంవత్సరమున మూడున్నర దినములకు పైగా అది నిలిచియుండును. అట్టివే రెండింటిని ప్రక్కప్రక్కన పెట్టి, ఒకటి ఆగిన రెండవది పని అందుకొనునట్లు చేసినచో, రెండును ఒకేసారి ఆగు అవకాశము నూరింట ఒకటిలో నూరవ వంతు, అనగా పదివేలలో ఒక పాలు. ఏడాదికి సుమారు 53 నిమిషములు మాత్రమే. నాసిరకపు యంత్రములు రెండు కలిసి మేలురకపు యంత్రమైనవి! కాని ఈ గుణకారమునందు ఒక షరతు దాగియున్నది. ఒకటి ఆగుటకును రెండవది ఆగుటకును సంబంధ ముండరాదు. పాఠశాలలో సంభావ్యత చెప్పునపుడు ఉపాధ్యాయులు ఈ షరతును ఒక వాక్యమున చెప్పి ముందుకు సాగుదురు. దానిని మరచిన ఫలితమును ఫ్రాన్సులోని ఒక ఊరు చూపినది.

స్ట్రాస్‌బుర్గ్ నగరమున ఓవీహెచ్ అను వెబ్ హోస్టింగ్ సంస్థకు సర్వరు భవనములు కలవు. 2021 మార్చి 10వ తేది అర్ధరాత్రి దాటిన తరువాత అందు అయిదంతస్తుల భవనమొకటి అంటుకొని పూర్తిగా కాలిపోయెను. ప్రక్క భవనమును కొంత కాలెను. క్రిందటి దినముననే మరమ్మతు జరిగిన యు.పి.ఎస్. ఒకటి మంటలలో నుండెనని సంస్థాధిపతి అక్టావ్ క్లాబా తెలిపినాడు. ఎవరికిని గాయములు కాలేదు. కాని సుమారు 36 లక్షల వెబ్‌సైట్లు ఒక్క రాత్రిలో మూగవోయినవి. నకలు వేరొక నగరమున దాచుకొన్నవారు కొద్దిదినములలో తేరుకొనిరి. అసలును నకలును ఒకేచోట నున్నవారికి రెండును బూడిదయైనవి. ధాన్యమును రెండు గాదెలలో పోసి, రెండు గాదెలను ఒకే పూరిపాకలో పెట్టినట్లయినది వారి పని.

మరమ్మతే ముప్పు తెచ్చిన ఉదాహరణమును పలువురు ఎరుగుదురు. 2021 అక్టోబరు 4న, మనకు రాత్రివేళ, ఫేస్‌బుక్, వాట్సాప్ సుమారు ఆరు గంటలపాటు లోకమంతట నిలిచిపోయినవి. మామూలు నిర్వహణలో భాగముగా ఇచ్చిన ఒక ఆజ్ఞ ఆ సంస్థ సర్వరు భవనములను కలుపు దారులన్నిటిని తెంపివేసెను. అట్టి తప్పుటాజ్ఞను పట్టుకొనవలసిన పరీక్షా ప్రోగ్రామునందును లోపముండెను. దూరమునుండి సరిచేయుదమన్న దారి లేదు. భవనములలోనికి పోయి సరిచేయుటకు సయితము ఆలస్యమయ్యెను.

ఇక మన రిజిస్ట్రేషను కార్యాలయమునకు వత్తము. పూర్వము దస్తావేజును పెద్ద సంపుటములలో చేతితో నకలు వ్రాయువారు. ఒక స్థలముపై అప్పు ఉన్నదో లేదో తెలుపు ఇ.సి. కొరకు పాత పుటలన్నియు తిరగవేయవలెను, దినములు పట్టును. 1998 నవంబరు 4న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము "కార్డ్" అను పథకమును రెండువందలకు పైబడిన కార్యాలయములలో ప్రారంభించెను. దాని రూపకర్త జె. సత్యనారాయణ అను ఐ.ఏ.ఎస్. అధికారి. ఇ.సి. నిమిషములలో చేతికి వచ్చుట అప్పటివారికి వింత. ఇందు గమనింపదగిన విషయమొకటి: ఏ కార్యాలయమునకు ఆ కార్యాలయపు సర్వరు ఉండెను. హయత్‌నగర్‌లో యంత్రము చెడిన సరూర్‌నగర్‌లో పని ఆగదు.

తరువాత సర్వరులను ఒక్కచోటికి చేర్చిరి. లాభము స్పష్టమే. ఒక కార్యాలయపు దస్తావేజును మరొక చోటినుండి చూడవచ్చును, నకళ్లు భద్రపరచుట సులభము. కాని ఇప్పుడు పని గొలుసువలె సాగును: కార్యాలయపు విద్యుత్తు, నడుమ తీగ, కేంద్రపు సర్వరు. ప్రతి కొక్కెము నూటికి 99 పాళ్లు నిలిచినను మూడింటిని గుణించిన 97 పాళ్లే వచ్చును. అనగా ఏడాదికి సుమారు పదకొండు దినముల నిలుపుదల. జంటకు గుణకారము మేలు చేసినది, గొలుసుకు కీడు చేసినది. పైగా కేంద్రము ఆగిననాడు అన్ని కార్యాలయములును ఆగును. తెలంగాణలో ధరణి అను క్రొత్త ఏర్పాటు కొరకు 2020 సెప్టెంబరు 8 నుండి ఆస్తుల రిజిస్ట్రేషన్లు నిలుపబడినవి. వ్యవసాయేతర ఆస్తులవి తిరిగి సాగినది డిసెంబరు 14న. ఇది యంత్రము చెడి ఆగినది కాదు, చెప్పి ఆపినది. అయినను మూడు నెలలు బిందెలు నింపుకొని ఎవరు కూర్చుండగలరు? 2024 డిసెంబరులో ధరణి డేటాబేసును మార్చుటకు కొన్ని దినములు మాత్రమే ఆపిరి. నా దృష్టిలో ఈ రెంటికి నడుమనున్న తేడాయే నిర్వహణ విద్య నేర్చిన పాఠము.

ఎల్‌బీ నగర్‌కు దక్షిణముగా పోయిన, రంగారెడ్డి జిల్లాలోని ఫ్యాబ్ సిటీ వచ్చును. అక్కడను, జిల్లాలోని మరికొన్ని చోట్లను అమెజాన్ సంస్థ సర్వరు భవనములు కట్టుటకు 2020లో పూనుకొని, 2022 నవంబరు 22న హైదరాబాదు కేంద్రమును తెరచినది. అందు మూడు మండలములు కలవు. ఒకచోట అగ్నిప్రమాదమైన, విద్యుత్తు పోయిన, మిగిలినవి నడచునట్లు వాటిని వేరువేరుగ దూరముగ నిర్మింతురు. స్ట్రాస్‌బుర్గ్‌లో తప్పిన షరతును ఇచ్చట నేలపై కొలిచి పాటించుట యన్నమాట. అయితే గొలుసులోని నడిమి కొక్కెము అట్లే యున్నది. జాగ్రత్తగల కార్యాలయములు రెండు వేరువేరు సంస్థలనుండి రెండు తీగలు తెప్పించుకొనును. ఆ రెండు తీగలు రోడ్డు ప్రక్క ఒకే కందకమున పోయినచో, ఒక్క జేసీబీ పోటుతో రెండును తెగును.