బందరు కన్ను, దివి బాణం

చిన్నప్పుడు మా మావయ్య నన్ను మంగినపూడి తీసుకెళ్ళి, ఒడ్డున నిలబెట్టి, "ఒరే, సముద్రం ఎంతదాకా కనిపిస్తోందిరా నీకు?" అని అడిగాడు. "లంకదాకా" అన్నాను ధీమాగా. ఆయన బళ్ళో లెక్కల మేష్టారు. ఏ ముచ్చటైనా లెక్కలో ముగిస్తేగాని ఆయనకు తృప్తి వుండేది కాదు. "లంకా లేదు, గింకా లేదు. నీ ఎత్తుకి నాలుగు కిలోమీటర్లు. భూమి గుండ్రం కదా, అక్కణ్ణుంచి నీళ్ళు కిందికి వంగిపోతాయి. ఇరవై మీటర్ల తాటిచెట్టెక్కావనుకో, అప్పుడు పదహారు" అన్నాడు.

ఆ రోజు నాకు సముద్రం చిన్నదైపోయినట్టనిపించి ఏడుపొచ్చింది. ఇన్నేళ్ళకు మళ్ళీ ఆ లెక్క గుర్తొచ్చింది. 2025 మే 2న అమరావతి సభలో ప్రధానమంత్రి, మన దివిసీమలోని నాగాయలంక దగ్గర క్షిపణి పరీక్షా కేంద్రానికి శంకుస్థాపన చేశారు. సుమారు 1,500 కోట్ల రూపాయల పని. ప్రయోగ వేదిక, రాడార్లు, ఎగిరే క్షిపణిని వెంటాడి చూసే దృష్టి సాధనాలు అక్కడ అమరుతాయి. నాగాయలంక అంటే మనకు తెలిసింది మడ అడవులూ, పీతలూ, రొయ్యల చెరువులూ. అక్కడికి బాణాల శాస్త్రం వస్తోందంటే, కాస్త చదువుకుందామనిపించింది. చదివినకొద్దీ తేలిందేమిటంటే, ఈ శాస్త్రమంతా మా మావయ్య లెక్క చుట్టూనే తిరుగుతోంది: ఎంత దూరంలో చూస్తాం, చూశాక ఎంత వ్యవధి మిగులుతుంది?

ఈ రెండు ప్రశ్నలూ బందరుకు కొత్తవి కావు. మన రేవు లోతు తక్కువ. పెద్ద ఓడలు మైళ్ళ దూరంలోనే లంగరు వేసుకునేవి. సరుకంతా పడవల మీద ఒడ్డు చేరేది. 1611లో ఇంగ్లీషు కంపెనీవారు వచ్చినా, వారికంటే ముందు డచ్చివారు వచ్చినా, ముందు ఒక తెరచాప కనిపించేది. మనుషులు దిగడానికి బోలెడు వ్యవధి. 1759 ఏప్రిల్‌లో కల్నల్ ఫోర్డ్ బందరు కోటను ఫ్రెంచివారి చేతుల్లోంచి లాక్కున్నాడు. అతడు వచ్చింది నేల మీంచి, రాత్రివేళ, కొంత సైన్యం ఊబిలోంచి నడిచి. ఫ్రెంచివారికి సాయం రావలసిన ఓడలు వచ్చాయి కూడా, కోట పోయిన కొద్దిరోజులకు! వ్యవధి తప్పితే ఓడలున్నా ఒకటే, లేకున్నా ఒకటే.

ఇరవయ్యో శతాబ్దంలో ఆ వ్యవధి ఇట్టే కరిగిపోయింది. 1967 అక్టోబరు 21న ఈజిప్టు చిన్న పడవలు విసిరిన స్టిక్స్ క్షిపణులు ఇజ్రాయెల్ యుద్ధనౌక ఐలాత్‌ను ముంచాయి. 1971 డిసెంబరు 4 రాత్రి మన నౌకాదళం అదే జాతి క్షిపణులతో కరాచీ ముందు పాకిస్తాన్ నౌకలను ముంచింది. 1982లో ఫాక్‌లాండ్స్ దగ్గర ఒక్క ఎక్సోసెట్ తగిలి బ్రిటిషు నౌక షెఫీల్డ్ కాలి మునిగింది. ఎక్సోసెట్ కిటుకు మా మావయ్య చెప్పిందే. అది నీళ్ళ మీద నాలుగైదు మీటర్ల ఎత్తున వస్తుంది. ఓడ మీద పాతిక మీటర్ల ఎత్తున రాడారున్నా, ముప్ఫయి కిలోమీటర్ల లోపుకు వస్తేగాని అది కంటబడదు. సెకనుకు 300 మీటర్ల చొప్పున ఆ దూరానికి వంద సెకన్లు. అదే మన బ్రహ్మోస్ అయితే, శబ్దానికి దాదాపు మూడింతల వేగం గనుక, ముప్ఫయి సెకన్లు. ఓడ కెప్టెను తమలపాకుకు సున్నం రాసేలోపు కథ కంచికే!

ఇక హైపర్‌సోనిక్ అంటే శబ్దానికి అయిదింతలు, ఆపైన. సెకనుకు రెండు కిలోమీటర్లనుకోండి. గుడివాడలో బయల్దేరితే ఇరవై సెకన్లలో బందరు. (మన పాసింజరు రైలును దీనితో పోల్చి రైల్వేవారి మనసు కష్టపెట్టను.) ఇంత వేగం ఎలా వస్తుంది? దారులు రెండు. ఒకటి, రాకెట్టుతో పైకి విసిరి, పిల్లలు చెరువులో పెంకు విసిరినట్టు, గాలిపొరల మీద జారుతూ కప్పగంతులేస్తూ పోనివ్వడం. రెండోది స్క్రామ్‌జెట్. మామూలు రాకెట్టు ఇంధనంతోపాటు దాన్ని మండించే ఆక్సిజన్ కూడా మోసుకుపోతుంది, తీర్థయాత్రకు బియ్యం మూట కట్టుకు వెళ్ళినట్టు. బ్రహ్మోస్‌లోని రామ్‌జెట్ ఆ గాలిని దారిలోనే తీసుకుంటుంది. అయితే వచ్చే గాలిని ముందు నెమ్మదింపజేసి, తరవాత మండిస్తుంది. శబ్దానికి అయిదింతలు దాటాక గాలిని అలా ఆపబోతే, ఆ ఒత్తిడికే అది నిప్పులా కాగిపోతుంది. అంచేత ఆపకూడదు, ఆ హోరుగాలిలోనే, సెకనులో కొన్ని వెయ్యోవంతుల వ్యవధిలో, ఇంధనం కలవాలి, అంటుకోవాలి, మండుతూనే వుండాలి. గాలిలో దీపం పెట్టి దేవుడా నీదే భారం అంటారే, ఇక్కడ భారం దేవుడిమీద వేయడానికి వీల్లేదు!

ఆ దీపాన్ని మనవాళ్ళు వెలిగించారు. 2020 సెప్టెంబరు 7న ఒడిశా తీరంలోని ద్వీపంనుంచి ఎగిరిన ప్రయోగ వాహనంలో, ముప్ఫయి కిలోమీటర్ల ఎత్తున, అది ఇరవై సెకన్లకు పైగా నిలబడింది. 2025 ఏప్రిల్ 25న హైదరాబాదులో, నేలమీది పరీక్షలో, వెయ్యి సెకన్లు దాటింది. ఆ మంటకు గోడలు కరిగిపోకుండా ఇంధనాన్నే ముందు గోడల వెంట తిప్పుతారు. అది వేడిని తాగి, చివరికి తానూ మండుతుంది. ఈ మధ్యలో, 2024 నవంబరు 16న, పదిహేను వందల కిలోమీటర్లకు పైగా పోగల హైపర్‌సోనిక్ క్షిపణిని కూడా పరీక్షించారు. దాని పుట్టిల్లూ హైదరాబాదే.

ఇక్కడే నాకొక తమాషా కనిపించింది. ముప్ఫయి కిలోమీటర్ల ఎత్తున వచ్చేదాన్ని భూమి వంపు దాచలేదు. లెక్కకు ఏడువందల కిలోమీటర్ల దూరంనుంచే కనబడాలి. అంటే ఆరు నిమిషాలు! నీళ్ళమీద నక్కి వచ్చే బ్రహ్మోస్ ఇచ్చే ముప్ఫయి సెకన్లకంటే ఎక్కువే. పైగా రాపిడికి దాని ముక్కు నిప్పుకణికలా వెలుగుతుంది. వేడిని చూసే కన్నుకు దాక్కోలేదు. మరి బలమెక్కడ? అది దారి మారుస్తుంది. ఎక్కడ పడుతుందో చివరిదాకా తెలియనివ్వదు. కనబడుతుంది, అర్థం కాదు. కాబట్టి నా ఊహ ఇది: రేపటి పోటీ బాణానికీ బాణానికీ కాదు, బాణానికీ కన్నుకూను.

కన్ను సంగతికొస్తే బందరును పక్కనపెట్టలేం. 1926లో ఇక్కడ ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ పుట్టింది. 1983లో దాన్ని భారత్ ఎలక్ట్రానిక్స్ తీసుకుంది. సైన్యానికి చీకట్లో చూపునిచ్చే సాధనాలకు బందరు పేరు పడింది. 2025 అక్టోబరు 16న పామర్రు మండలం నిమ్మలూరులో దానికి కొత్త కార్ఖానా ప్రారంభమైంది. (రామారావుగారి నిమ్మకూరు వేరు, మండలం ఒకటే గనుక పొరబడేరు సుమా.) బందరు కన్నిస్తుంది, దివి బాణానికి చోటిస్తుంది. బాగానే వుంది జత.

కాని కన్నుంటే చాలదని దివిసీమకు తెలిసినంతగా ఎవరికి తెలుసు? 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెనకు బందరులో ముప్ఫయివేలమంది పోయారు. అప్పుడు చూసే సాధనం లేదు, సరే. 1977 నవంబరు 19న వచ్చిన తుపాను సెకనుకు రెండు కిలోమీటర్ల వేగంతో రాలేదే! రోజుల తరబడి, ఎద్దుబండి నడకలా వచ్చింది. వస్తోందని రేడియో చెప్పింది. ఆ మాట ఎన్నో గుడిసెలకు చేరలేదు. చేరినచోట, ఎప్పుడూ చెప్పేదేగా అనుకున్నారు. అయిదారు మీటర్ల ఉప్పెన లేచింది. సర్కారు లెక్కకే పదివేల ప్రాణాలు. అందులో మా మావయ్య ఒకడు. నాలుగు కిలోమీటర్ల లెక్క చెప్పిన మనిషి ఆ సాయంత్రం అవనిగడ్డ వైపు చుట్టాలింట్లో వున్నాడు. తరవాత బందరులో తుపానులను పసిగట్టే రాడారు వెలిసింది. ఊళ్ళలో తుపాను షెల్టర్లు లేచాయి.

మొన్న నాగాయలంక వెళ్ళాను. వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయనతో మాట కలిపాను. ఒడిశాలో క్షిపణి పరీక్షలప్పుడు చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళను కాసేపు తరలిస్తారనీ, వేటకు వెళ్ళొద్దని ముందుగా చాటిస్తారనీ చెప్పాను. బాణం వేగం ఆయన్ని ఆశ్చర్యపరచలేదు. వల ముడి బిగిస్తూ ఒక్కటే అడిగాడు:

"చాటిస్తారు సరే బాబూ, తెల్లారగట్ట పడవెళ్ళాకనా, ముందా?"

మా మావయ్య వుంటే దీనికీ ఒక లెక్క చెప్పేవాడు. నేను మాత్రం, "ముందే చెప్పాలి పెద్దాయనా. అడిగి మరీ చెప్పించుకోండి" అన్నాను.