అదనుకు అందిన సాయం

 

సేద్యంలో అదను అనే మాటకున్న విలువ మీకు ఒకరు చెప్పనక్కరలేదు. అదను తప్పిన తరువాత యెంత మేలైన విత్తనం చల్లినా, యెంత యెరువు వేసినా గింజ పాలు పోసుకోదు. ఐతే యీ అదను పొలానికే గాదు. ఆపదలో వున్నవారికి చేసే సాయానికి గూడ వుంటుంది. ఇందుకు నిదర్శనంగా 2013 నవంబరులో ఫిలిప్పీన్స్ దేశాన్ని కొట్టిన మహా తుఫాను సంగతి, ఆ తరువాత దేశదేశాల నుంచి వచ్చిన సాయం సంగతి యిప్పుడు చెప్పుకుందాం.

ఫిలిప్పీన్స్ అంటే పసిఫిక్ సముద్రంలో చిన్నవీ పెద్దవీ 7,000కు పైగా దీవులు. తీరాన కొబ్బరి, లోపల వరి, నీటిమీద చేపలవేట. సమార్, లేటె దీవుల పల్లెలను చూస్తే మన కోనసీమ మనిషికి పరాయి దేశం అనిపించదు. ఆ సముద్రంలో పుట్టే తుఫానును టైఫూన్ అంటారు. గాలి ఒకటే, పేరే వేరు. 2013లో వచ్చినదానికి ప్రపంచం పెట్టిన పేరు హైయాన్. ఆ దేశస్థులు పెట్టుకున్న పేరు యోలాండా.

నవంబరు 8వ తేదీ తెల్లవారకముందే అది సమార్ దీవిలోని గివాన్ వద్ద తీరం దాటింది. గాలి వేగం గంటకు 315 కిలోమీటర్లని అమెరికా వాతావరణ నిపుణులు అంచనా కట్టారు. భూమిమీదికి వచ్చిన తుఫానులలో అంతటి బలం కలవి బహు కొద్ది. గాలి కంటె నీరు యెక్కువమందిని చంపింది. లేటె దీవిలో తాక్లోబాన్ అనే పట్టణం సన్నని, లోతు తక్కువైన అఖాతం కొసన వుంది. గాలి సముద్రాన్ని ఆ ఇరుకులోకి తోసింది. కొన్నిచోట్ల నీరు 5 మీటర్లకు పైగా, అనగా మూడు నిలువుల యెత్తున లేచి యిళ్లమీద పడింది. అధికార లెక్క ప్రకారం 6,300 మంది చనిపోయారు. వెయ్యిమందికి పైగా ఆచూకీ లేకుండా పోయారు. 11 లక్షలకు పైగా యిళ్లు కూలినవో, దెబ్బతిన్నవో. 40 లక్షలమంది నిలువనీడ లేనివారయ్యారు.

హెచ్చరిక చేయలేదా అంటే, చేశారు. ముందురోజు రాత్రి ఆనాటి అధ్యక్షుడు బెనిగ్నో అకీనో టెలివిజన్‌లో మాట్లాడి, సముద్రం పొంగుతుందని చెప్పారు. ఐతే ప్రకటనలలో వాడిన మాట 'స్టార్మ్ సర్జ్' అనే యింగ్లీషు మాట. తీరంలో పెక్కుమందికి అది బోధపడలేదు. గాలివాన యెన్నోసార్లు చూశాము, యిదీ అలాంటిదే గదా అని యింటి కాపలాకు మగవాళ్లు వుండిపోయారు. "సునామీ వస్తుందని చెప్పివుంటే కొండ యెక్కేవాళ్లం" అని తరువాత చాలామంది వాపోయారు. మన తీరంలో ఉప్పెన అంటే చంటిపిల్లల తల్లికీ తెలుసు, పడవ సరంగుకీ తెలుసు. ఐనా 1977 నవంబరు 19న దివిసీమలో ఏమైంది? మాట తెలిసినా కబురు పల్లెలకు సరిగా అందక పదివేలమంది పైగా పోయారు. కనుక మాటా తెలియాలి, వేళకూ అందాలి. రెంటిలో ఏది లోపించినా ఫలితం ఒకటే.

విచిత్రమేమంటే ఆ తీరానికి ఉప్పెన కొత్త కాదు. 1897 అక్టోబరులో సరిగా యీ సమార్, లేటె దీవుల మీదనే యిలాంటి తుఫాను వచ్చింది. హోసె అల్గువె అనే క్రైస్తవ మతగురువు, వాతావరణ శాస్త్రవేత్త, దానిపై మరుసటి యేడు ఒక పుస్తకమే వ్రాశాడు. పుస్తకం మిగిలింది గాని పల్లెలలో జ్ఞాపకం మిగలలేదు. అదే 2013లో సెబూ ప్రాంతపు తులాంగ్ దియోత్ అనే చిన్న లంకను చూడండి. అక్కడ సుమారు వెయ్యిమంది జనం. తుఫానుకు ముందే అందరినీ పడవలమీద పక్క దీవికి తరలించారు. తరువాత చూస్తే లంకలో వున్న 500 యిళ్లలో ఒక్కటీ నిలువలేదు. మనుషులలో ఒక్కరూ పోలేదు. అదనుకు చేసిన పని అంటే యిది.

ఇక తుఫాను వెళ్లిన తరువాతి సంగతి. తాక్లోబాన్ విమానాశ్రయం కొట్టుకుపోయింది. చెట్లు, రేకులు, శవాలు దారులకు అడ్డం పడ్డాయి. టెలిఫోన్లు లేవు. సాయం చేయవలసిన పోలీసులు, పురపాలక సిబ్బంది గూడ తమ భార్యాబిడ్డలను వెతుక్కుంటున్నారు. ముందుగానే రాజధాని నుంచి వచ్చి కూర్చున్న ఇద్దరు మంత్రులు సైతం కబురు పంపే దారిలేక అక్కడ చిక్కుకున్నారు. మూడు రోజులు, నాలుగు రోజులు గడిచినా పెక్కు పేటలకు గుక్కెడు మంచినీరు చేరలేదు.

తాక్లోబాన్‌కు దగ్గరలో అలంగలంగ్ అనే వూరిలో ప్రభుత్వ బియ్యపు గిడ్డంగి వుంది. అందులో లక్షకు పైగా బస్తాల ధాన్యం, బియ్యం వున్నాయి. ఆకలిగొన్న జనం వేలుగా వచ్చి గిడ్డంగి మీద పడ్డారు. ఆ తొక్కిడిలో గోడ కూలి ఎనిమిదిమంది చనిపోయారు. పత్రికలు దీనిని దోపిడీ అని వ్రాశాయి. బస్తాలు లోపలా, ఆకలి బయటా వుంచి రోజులు గడిపితే జరిగేది అదే. బియ్యం లేక గాదు, పంచే వేళ దాటిపోయి ఆ ప్రాణాలు పోయాయి. తరువాత 2014లో ఆ దేశపు ఆడిట్ శాఖ మరొక సంగతి బయటపెట్టింది. సుమారు 27 లక్షల పెసోల విలువగల ఆహారపు పొట్లాలు జనానికి చేరకముందే చెడిపోయాయట.

ఈ దృశ్యాలను టెలివిజన్లలో చూచి ప్రపంచం కదిలింది. నవంబరు 12న ఐక్యరాజ్యసమితి తరఫున వాలెరీ ఆమోస్ 30 కోట్ల డాలర్ల సాయం కావాలని విజ్ఞప్తి చేశారు. 14వ తేదీకి జార్జి వాషింగ్టన్ అనే అమెరికా విమానవాహక నౌక చేరింది. దాని హెలికాప్టర్లు దారిలేని పల్లెలకు నీళ్లు, తిండి దింపాయి. బ్రిటనులో సామాన్య ప్రజల చందాలే 9 కోట్ల పౌండ్లు దాటాయి. జపాను వెయ్యిమందికి పైగా సైనికులను పంపింది. 1944లో యిదే లేటె తీరాన జపాను సైన్యంతో ఘోరయుద్ధం జరిగింది. దాదాపు డెబ్బై యేండ్ల తరువాత ఆ దేశపు సైనికులు మందులతో, మూటలతో దిగితే జనం ఆదరించారు. ఇజ్రాయెల్ వైద్యులు బోగో పట్టణంలో ఆసుపత్రి పెట్టారు. అక్కడ మొదట పుట్టిన బిడ్డకు తల్లిదండ్రులు ఆ దేశం పేరే పెట్టుకున్నారు.

అన్ని దేశాల చేయీ ఒక్కలా చాచలేదు. పొరుగున వున్న చైనా ప్రభుత్వం మొదట ప్రకటించింది లక్ష డాలర్లు. సముద్రంలోని దీవుల గురించి ఆ రెండు దేశాల నడుమ తగాదా వుంది. ఐకియా అనే బల్లలు, కుర్చీల కంపెనీ ధర్మసంస్థ 27 లక్షల డాలర్లు యిస్తుంటే అంత పెద్ద రాజ్యం యింతేనా యిచ్చేదని లోకమంతా ఆక్షేపించింది. ఆ మీదట చైనా మరి కోటి యువాన్ల సామగ్రి ప్రకటించి, ఒక ఆసుపత్రి ఓడను గూడ పంపింది. ఓడ మంచిదే, వైద్యులూ మంచివారే. కాని ఆలస్యంగా వచ్చిన సాయం సగం మాట పడే వస్తుంది.

ఆ దేశస్థులు సాయం కొరకు చూస్తూ కూర్చున్నారనుకోకండి. సైనిక విమానాలలో వేలమంది బాధితులు రాజధాని మనీలాకు చేరుతుంటే, విలమోర్ విమానస్థావరం వద్ద వాలంటీర్లు అన్నం, బట్టలు పట్టుకుని రాత్రింబవళ్లు కాచుకున్నారు. కార్లున్నవారు వంతులవారీగా వచ్చి, బాధితులను వారి వారి బంధువుల యిళ్ల దగ్గర దింపివచ్చారు. నవంబరు 11న పోలండు దేశంలోని వార్సాలో వాతావరణ మహాసభ మొదలైంది. అక్కడ ఫిలిప్పీన్స్ ప్రతినిధి యెబ్ సాన్యో కన్నీళ్లతో మాట్లాడి, సభలో మేలైన నిర్ణయం జరిగేదాకా అన్నం ముట్టనని నిరాహారదీక్ష పూనాడు. ఆయన కుటుంబానిది తాక్లోబానే. వాతావరణ మార్పుల వల్ల నష్టపోయే దేశాల విషయం చూచేందుకు ఒక యేర్పాటు ఆ సభలోనే పుట్టింది.

సాయం చేసే తీరులో గూడ నేర్చుకోవలసినది వుంది. తైవాన్ నుంచి వచ్చిన త్సూ చీ అనే బౌద్ధ ధర్మసంస్థ తాక్లోబాన్‌లో యేంచేసిందో వినండి. మీ వీధిలోని చెత్త, శిథిలాలు మీరే తీయండి, రోజుకు 500 పెసోల కూలి యిస్తామన్నది. అప్పటి మారకంలో యిది మన 700 రూపాయల పైమాటే. అక్కడి మామూలు కూలికి దాదాపు రెట్టింపు. కొన్ని రోజులలో ముప్పైవేలమంది దాకా పనికి వచ్చారు. మూడు వారాలలోపే వీధులు బయటపడ్డాయి. చేతిలో డబ్బు ఆడేసరికి మూసిన కొట్లు తెరుచుకున్నాయి. మనిషి చేయి చాచకుండా, చేయి ఆడించి అన్నం తిన్నాడు.

ఇప్పుడు మన రైతు సంగతికి వద్దాం. తుఫాను వచ్చింది నవంబరు రెండవ వారంలో. అక్కడ రెండవ పంట వరి నాటేది డిశంబరు, జనవరి నెలలలో. దాచుకున్న విత్తనాలు నీటిలో పోయాయి, కాలువలు పూడిపోయాయి. ఈ అదను తప్పితే మళ్లీ పంట చేతికి వచ్చేది ఇంచుమించు యేడాదికి, 2014 అక్టోబరు, నవంబరు నెలలకు. అన్నిరోజులు యెవరు కూర్చోబెట్టి పెట్టగలరు? ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఈ లెక్క గ్రహించి ఆ దేశపు వ్యవసాయశాఖతో కలిసి తొందరపడింది. సుమారు 44,000 రైతు కుటుంబాలకు ధృవీకరించిన వరి విత్తనం, యెరువు నాట్లవేళకు చేర్చింది. 2014 మార్చి, ఏప్రిల్ నెలలలో పంట కోశారు. ఓడలూ విమానాలూ తెచ్చిన బియ్యం తింటే అయిపోయింది. వేళకు వచ్చిన విత్తనం మాత్రం తిన్నా మిగిలింది.

కొబ్బరి రైతుకు యింత త్వరగా దారి దొరకలేదు. మూడు కోట్లకు పైగా కొబ్బరిచెట్లు పడిపోయినవో, తల విరిగినవో. పదిలక్షలమందికి పైగా రైతులు నష్టపోయారు. మొక్క నాటితే కాపుకు రావడానికి ఆరు నుంచి తొమ్మిదేండ్లు. పైగా పడిన మ్రాను ఊరుకోదు. అది కుళ్లితే అందులో కొమ్ము పురుగు పిల్లలు పెట్టి, మిగిలిన చెట్ల మొవ్వులోకి తొలుచుకుపోతుంది. కనుక అక్కడివారికి మోటారు రంపాలు యిచ్చి మ్రానులను కోయించారు. ఆ కలపనే యిళ్లు కట్టుకోను వాడారు. ఖాళీ అయిన తోటలలో కూరగాయలు, మొక్కజొన్న, దుంపలు వేయించారు. ఆ పదేండ్ల దూరాన్ని నెలల పంటలతో దాటించాలన్నది ఆలోచన.

అన్నీ యింత చక్కగా జరిగినవని చెప్పలేము. విదేశాలు మాట యిచ్చినది ఒకటి, చేతికి వచ్చినది మరొకటి అయింది. ప్రభుత్వం రెండు లక్షలకు పైగా పక్కా యిళ్లు కట్టాలని పూనుకున్నది. 2016 నవంబరులో, మూడేండ్లు నిండిన రోజున, అప్పటి కొత్త అధ్యక్షుడు రొడ్రిగో డుటెర్టే తాక్లోబాన్ వచ్చి పని నత్తనడక నడుస్తున్నదని బాహాటంగానే అసంతృప్తి చెప్పాడు. టెలివిజన్‌లో బొమ్మలు ఆగిపోయిన తరువాత గూడ ఆపద ఆగదు. అప్పుడు అడిగేవారు తక్కువ, ఆలస్యం యెక్కువ.

సోదరులారా! 1996 నవంబరులో కోనసీమ, 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకు ఉద్దానం తమ కొబ్బరిచెట్లు పోగొట్టుకున్నాయి. లేటె రైతు గోడు మనకు తెలియనిది కాదు. కనుక అతని అనుభవం నుంచి మనం నాలుగు మాటలు మూట కట్టుకుందాం.

ఒకటి: తుఫాను నెలలు రాకముందే మరుపంటకు కావలసిన విత్తనంలో కొంత మెరక గ్రామంలో చుట్టాల యింట, లేక సహకార సంఘపు మిద్దెమీద భద్రం చేసుకోండి. రెండు: పడిన కొబ్బరి మ్రానును బీమా లెక్క, నష్టపు లెక్క వ్రాయించిన వెంటనే కోసి తీసివేయండి, కుళ్లనీయకండి. మూడు: విస్తరణ కార్యకర్తలు తమ గ్రామంలో యెవరు యే పంట యెంత వేశారో వ్రాసిన పట్టిక ఒక ప్రతి వూరికి బయట వుంచాలి. కార్యాలయం మునిగితే కాగితమూ మునుగుతుంది. కాగితం లేకుంటే సాయం దారి తప్పుతుంది. నాలుగు: హెచ్చరిక వచ్చినప్పుడు గాలి యింత వేగమని చదివి వూరుకోవద్దు. "ఉప్పెన మన వూరి ఫలానా గట్టు దాటి, ఫలానా గుడిదాకా వస్తుంది, ఈ రాత్రికి లేవండి" అని పేరుపెట్టి చెప్పండి.

అదనెరిగి సేద్యం చేసేవాళ్లం మనం. అదనెరిగి కదలడం గూడ మనకు చేతనైన పనే.