ఆగగలదేది? ఆగలేనిదేది?

ప్రియ చదువరీ, చేతనున్న కాలమును ధనమును కొంచెమై, చేయవలసిన పనులు అనేకమైనప్పుడు నీవు దేనిని ముందుంచుదువు?

బిజినేపల్లి చుట్టుపట్ల గ్రామములవారికి మట్టిపని యెట్టిదో చెప్పనక్కరలేదు. పాలమూరు కూలీలు గడ్డపార, తట్ట పట్టుకొని దూరదేశములలో కాలువలు త్రవ్విరి, ఆనకట్టలు కట్టిరి. ఒంగోలు సీమలో జరిగిన యొక కాలువపని చరిత్ర వారికి సులభముగా బోధపడును.

1876వ సంవత్సరమున ధాత కరువు వచ్చెను. రెండేండ్లలో దక్షిణ దేశమున లక్షలకొలది జనులు మడిసిరి. అమెరికన్ బాప్టిస్టు మిషనెరీయగు జాన్ క్లౌ దొరగారు 1866 నుండి ఒంగోలులో ఉండిరి. ఆకలిగొన్నవారు ఆయనను ఆశ్రయించిరి. వారందరిని దానముతో పోషించుటకు మిషను సొమ్ము చాలదు. అప్పుడు దొరతనమువారు బకింగ్‌హాం కాలువ త్రవ్వించుచుండిరి. యౌవనమున భూమి కొలుచు పని నేర్చిన క్లౌగారు సుమారు మూడు మైళ్ల పనిని గుత్తకు తీసికొనిరి. బోధకులే మేస్త్రీలైరి. వేలకొలది పేదలు, వారిలో పెక్కుమంది మాదిగలు, కూలి చేసికొని బ్రతికిరి. విరామ సమయములలో బోధకులు వారితో కూర్చుండి సువార్త చెప్పుచుండిరి.

ఇక్కడ కష్టమైన ప్రశ్న పుట్టెను. జనులు బాప్తిస్మము కోరుచు వచ్చిరి. ఇచ్చినయెడల సంఘపు పుస్తకము నిండును. కాని కూటి కొరకు వచ్చినవాడెవడో, క్రీస్తు కొరకు వచ్చినవాడెవడో తెలియుట యెట్లు? క్లౌగారు సుమారు పదునైదు మాసములు బాప్తిస్మములు నిలిపివేసిరి. ఏ పనికై సముద్రము దాటి వచ్చిరో దానినే వెనుకకు పెట్టిరి. విశ్వాసము పరీక్షకు నిలిచి ఆగగలదు, ఆకలి ఆగలేదు.

కరువు తగ్గెను, సహాయపు పనులు ముగిసెను. అయినను జనులు వచ్చుట మానలేదు. 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ నదిలో, వెల్లంపల్లి యొద్ద, 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఇచ్చినవారు ఆరుగురు తెలుగు బోధకులు. ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా నీటిలో నిలిచిరి. కూలి డబ్బు ఆశ లేని దినమున వచ్చినవారిని కూటికొరకు వచ్చిరని యెవరనగలరు?

చదువరీ, గమనింపుము. క్లౌగారు తన ముఖ్యమైన పనిని విడువలేదు. అది చెడిపోకుండునట్లు దానికి తగిన దినము వచ్చువరకు కాచుకొనిరి.

మన సంఘములలోను లెక్క యిదే. పెట్టెలోని సొమ్ము కొంచెము. గుడి గోడలకు సున్నము కావలెను. విధవరాలి యింట జొన్నలు లేవు. రెండును మంచి పనులే. గోడ వచ్చే పండుగవరకు ఆగును. ఆమె పొయ్యి ఈ సాయంకాలమే వెలుగవలెను. కానుకల లెక్క చూచు దినమున, ఆగలేనిదానిని మొదటి వరుసలో వ్రాయుము.