పరిసరానుకూలత: యంత్రతర్కమున మారనిదాని స్థానము

నాందేడు జిల్లాలోని భోకరు 1956 వరకు హైదరాబాదు రాష్ట్రమున నుండెను. నిజాము కాలమున పాలనాభాష ఉర్దూ. 1956 నవంబరు 1న ఈ ప్రాంతము బొంబాయి రాష్ట్రమున చేరెను. 1960 మే 1న మహారాష్ట్రమున భాగమయ్యెను. కచ్చేరిలో మరాఠీ వచ్చెను. ఇచటి తెలుగువారు బయట మాట మార్చుకొనిరి. ఇంటిమాట నిలుపుకొన యత్నించిరి. పరిసరమున కనుకూలించువేళ ఏది మారవలెను, ఏది నిలువవలెను? ఈ ప్రశ్ననే శాస్త్రజ్ఞులు యంత్రముల విషయమున తర్కబద్ధముగా విచారించిరి.

ఇంగ్లండునకు చెందిన మనోవైద్యుడు రాస్ ఆష్బీ 1948లో హోమియోస్టాట్ అను యంత్రమును ప్రకటించెను. అందలి నాలుగు భాగములు ఒకదానినొకటి కదలించును. ఒకదాని సూచిక హద్దు దాటినచో దాని లోపలి అమరిక యాదృచ్ఛికముగా మారును. సూచికలన్నియు హద్దులలో నిలుచువరకు ఇట్లే జరుగును. ముఖ్యమైన కొన్ని పరిమాణములు హద్దు దాటకుండుటకై తక్కినవి మారుటయే అనుకూలత యని 1952 నాటి గ్రంథమున ఆయన ప్రతిపాదించెను.

పిదప ఈ విచారణ కంప్యూటరు ప్రోగ్రాములకు ప్రాకెను. ఏ పనివలన ఏ స్థితి కలుగునో ప్రోగ్రాము తర్కవాక్యములతో ఊహించు పద్ధతిని 1969లో జాన్ మెకార్తీ, పాట్రిక్ హేస్ చర్చించిరి. అచట నొక చిక్కు తోచెను. తలుపు తీసినచో తలుపు తెరచుకొనునని వ్రాయుట సులభము. కాని గోడరంగు మారలేదని, దీపము ఆరలేదని వేరుగా చెప్పనిదే తర్కము దానిని గ్రహింపజాలదు. దీనికే ఫ్రేమ్ సమస్య యని పేరు.

మెకార్తీ శిష్యుడై 1966లో స్టాన్‌ఫర్డున డాక్టరేటు పొందిన రాజ్ రెడ్డి, నాటి చిత్తూరు జిల్లా కాటూరున 1937లో జన్మించిన తెలుగువాడు. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున ఆయన బృందము 1970 దశకమున హియర్సే-2 అను వాగ్గ్రహణ ప్రోగ్రామును నిర్మించెను. ధ్వని నెరిగిన భాగము, పదము నెరిగిన భాగము, వాక్యము నెరిగిన భాగము ఒకే నల్లబల్లపై వ్రాసినట్లు తమ ఊహలను ఉమ్మడిచోట నుంచును. ఒకదాని ఊహను చూచి మరియొకటి తన ఊహను దిద్దుకొనును. ఊహలెన్ని మారినను, విన్న ధ్వని మాత్రము మారదు. 1994లో ఆయనకు ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తోపాటు ట్యూరింగ్ పురస్కారము లభించెను.

ఈ చరిత్రవలన రెండు విషయములు తేలుచున్నవి. హద్దును యంత్రము తనకు తాను నిర్ణయించుకొనలేదు, నిర్మాతయే నిర్ణయించెను. మారనిది తనంతట నిలుచునని తర్కము ఒప్పుకొనదు. దానిని ప్రత్యేకముగా చెప్పవలెను. భోకరు ఇంటిలో తెలుగు నిలుచుటయు అట్టిదే. బజారునకు మరాఠీ, బిడ్డ చదువునకు మరాఠీ, అది సహజానుకూలత. ఇంటిలో తెలుగు అను హద్దును పెద్దలు నోటితో చెప్పనిచో, ఆ అనుకూలతయే తెలుగును హరించును.