కప్పును మోసే పిండికట్టు

2013 డిసెంబరు 19. లండన్‌లోని షాఫ్ట్స్‌బరీ అవెన్యూలో అపోలో థియేటర్. నాటకం మొదలై ముప్పావుగంట అయింది. హాల్లో 700 మందికి పైగా ప్రేక్షకులున్నారు. పైనుంచి పెళపెళమని చప్పుడు వస్తే అదీ నాటకంలో భాగమే కాబోలనుకున్నారు కొందరు. అంతలోనే నగిషీలు చెక్కిన ప్లాస్టర్ కప్పు పెద్ద పెచ్చుగా ఊడిపడింది. పడుతూ పడుతూ బాల్కనీ ముఖభాగాన్ని కూడా కొంత లాక్కొచ్చింది. దుమ్ములో ఎవరికి ఎవరూ కనబడలేదు. 70 మందికి పైగా గాయపడ్డారు. వారిలో కొందరికి తగిలినవి పెద్ద దెబ్బలే. ఒక్క ప్రాణమూ పోకపోవడం అదృష్టమనే చెప్పాలి.

ఆ సాయంత్రం నగరంలో జోరువాన కురిసింది. దాంతో ముందు అందరూ వానను అనుమానించారు. 2014 మార్చిలో వెస్ట్‌మినిస్టర్ నగర మండలి వెల్లడించిన కారణం వేరు. కప్పును మోసే కొయ్య చట్రాలను పైనుంచి పట్టి ఉంచిన గోనెపట్ట, ప్లాస్టర్ ఆఫ్ పారిస్ కట్లు కాలక్రమంలో పుచ్చిపోయాయి. 1901లో థియేటర్ తెరిచినప్పటి నుంచి అంత బరువును వేలాడదీసింది ఆ కట్లే. కింద కూర్చున్నవాళ్లకు పూలూ తీగలూ బంగారు పూతా కనబడతాయి. వాటిని పట్టుకున్నదేమిటో కనబడదు. నగిషీ కప్పుల చరిత్రంతా పువ్వుల వైపు నుంచే రాశారు. కానీ అసలు పనితనం వెనకవైపే ఉందని నాకనిపిస్తుంది.

బరువైన వస్తువును నేలమీద నిలబెట్టడానికి భూమ్యాకర్షణ సాయపడుతుంది. కప్పుకు తగిలించిన వస్తువును అదే శక్తి రాత్రీపగలూ కిందికి లాగుతూనే ఉంటుంది. మీటరు వెడల్పు, సగటున 3 సెంటీమీటర్ల మందం ఉన్న గట్టి ప్లాస్టర్ పువ్వు ఒక్కటే 25 కిలోలు దాటుతుంది. దాన్ని నూరేళ్లు తలకిందులుగా నిలపాలి.

యూరప్ మేస్త్రీలు దీనికి వాడిన ఒక పాత ఉపాయం కొయ్యబద్దలు. దూలాలకు అడుగున సన్నటి బద్దలను వరసగా మేకులతో కొట్టి, బద్దకూ బద్దకూ మధ్య చిటికెనవేలు కూడా పట్టనంత సందు వదులుతారు. పశువుల వెంట్రుకలు కలిపిన సున్నపు ముద్దను కింది నుంచి తాపీతో అదిమితే అది ఆ సందుల్లోంచి పైకి పొంగి, బద్దల వీపు మీద అటూ ఇటూ ఒరిగి గట్టిపడుతుంది. కప్పును పట్టి ఉంచేది ఆ కొంకులే. వెంట్రుకలు లేకపోతే ముద్ద ఆరేటప్పుడే బీటలిచ్చి, కొంకులు మెడ దగ్గర విరిగిపోతాయి. ఇలా మూడు పూతలు వేసిన కప్పు చదరపు మీటరుకు 40 కిలోలకు అటూ ఇటూ తూగుతుంది. నగిషీ బరువు దానికి అదనం.

18వ శతాబ్దిలో ఇటాలియన్ మాట్లాడే ప్రాంతాల నుంచి వచ్చిన గచ్చు శిల్పులు ఈ పనిని ఒక మెట్టు పైకి తీసుకెళ్లారు. లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్ దగ్గరున్న సెయింట్ మార్టిన్ చర్చి కప్పు ఆర్టారీ, బాగుటీ అనే ఇద్దరు చేసినది. కప్పు నుంచి ముందుకు పొడుచుకొచ్చే దేవదూతల చేతులూ ఆకుల అంచులూ ఒట్టి సున్నంతో నిలవవు. అందుకని ముందే మేకులు, చీలలు, తీగలు దిగ్గొట్టి వాటి చుట్టూ ముద్ద పెట్టేవారు. ఆ శతాబ్దం రెండో సగంలో రాబర్ట్ ఆడమ్ రూపకల్పనలకు జోసెఫ్ రోజ్ ప్లాస్టర్ పని తోడయింది. కెన్‌వుడ్ హౌస్ గ్రంథాలయంలో తలెత్తి చూస్తే వీరి జోడీ ఎంత నాజూకైనదో తెలుస్తుంది. ఆడమ్ నగిషీల లోతు తక్కువ. అది అభిరుచి సంగతే కావచ్చు గానీ, లోతు తగ్గితే బరువూ తగ్గుతుంది. కప్పుకు అది మేలే చేసింది.

అసలు మలుపు 1856లో వచ్చింది. లియొనార్డ్ దెసాషీ అనే ఫ్రెంచివాడు బ్రిటన్‌లో ఒక పేటెంటు తీసుకున్నాడు. పలచటి ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పొరలో గుడ్డను పరిచి, కొయ్యబద్దలతో వెన్ను కట్టి, పెద్ద పెద్ద పలకలుగా పోతపోయడం అందులో సంగతి. దానికి కొన్నేళ్ల ముందే, 1850ల మొదట్లో, మాథైసెన్ అనే డచ్చి సైనిక వైద్యుడు ప్లాస్టర్ పొడి అద్దిన గుడ్డతో విరిగిన ఎముకలకు కట్టు కట్టే పద్ధతిని ప్రచురించాడు. మనం పిండికట్టు అనేది దాన్నే. ఒకరి పని ఇంకొకరు చూశారనడానికి ఆధారమేమీ లేదు. కానీ రెండింటి వెనకా ఉన్న గుట్టు ఒకటే. ప్లాస్టర్ నొక్కుడుకు ఆగుతుంది, లాగుడుకు పుటుక్కున విరుగుతుంది. గుడ్డ పోగులు ఆ లాగుడును తాము తీసుకుంటాయి.

పని ఎలా జరిగేదో కొంచెం దగ్గరగా చూద్దాం. జిప్సం రాయిని 150 డిగ్రీల దాకా కాలిస్తే దానిలోని నీటిలో ముప్పాతిక భాగం పోతుంది. మిగిలిన పొడే ప్లాస్టర్. దానికి నీళ్లు కలిపితే పోయిన నీటిని మళ్లీ పీల్చుకుని అరగంట లోపే రాయవుతుంది. గట్టిపడేటప్పుడు రవ్వంత ఉబ్బుతుంది కాబట్టి అచ్చులోని ప్రతి గీతనూ పట్టుకుంటుంది. పనివాడు బల్ల మీది అచ్చులో ముందు ఒక పలచటి పూత వేస్తాడు. రేపు కింద కూర్చున్న జనానికి కనబడే ముఖం అదే. అది పూర్తిగా గట్టిపడక ముందే ప్లాస్టర్‌లో ముంచిన గోనెపట్టను దాని మీద పరిచి, అంచుల వెంబడీ మధ్యలోనూ బద్దలు పెట్టి, వాటి మీదుగా ఇంకో గోనెపట్ట ముక్క చుట్టి, బ్రష్షుతో రెండో పూత పూస్తాడు. రెండో పూత ఆలస్యమైతే మొదటిదానితో కలవదు, పొర పొరగా విడిపోతుంది. పైపెచ్చు ప్లాస్టర్ ఎవరి కోసమూ ఆగదు. అందుకే గట్టిపడే వేగాన్ని తగ్గించడానికి నీళ్లలో కాస్త వజ్రం జిగురు కలిపేవారు.

తయారైన పలకను కప్పు దగ్గరికెత్తి, పై దూలాల నుంచి వేలాడే కొయ్య చట్రానికి ఆనిస్తారు. అప్పుడు ఒక మనిషి చట్రం పైకెక్కుతాడు. ప్లాస్టర్‌లో నానిన గోనెపట్ట పేలికలను పలక వీపున ఉన్న బద్ద కిందుగా పోనిచ్చి, చట్రం మీదుగా తిప్పి, చేత్తో ఒత్తి కట్టేస్తాడు. కొద్ది నిమిషాల్లో ఆ కట్టు బిగుసుకుంటుంది. ఇలాంటివి వందలు. మేకులూ ఉండేవి గానీ బరువులో పెద్ద వాటా ఈ పిండికట్లదే. అపోలోలో పుచ్చిపోయినవీ ఇటువంటివే.

థియేటర్ యజమానులకు ఈ పద్ధతి వరమైంది. నెలల తరబడి పరంజా మీద పడుకుని చెక్కే పని లేదు. కార్ఖానాలో పోసి, బండ్ల మీద తెచ్చి, వారాల్లో బిగించేయవచ్చు. వంపులు తిరిగిన గుమ్మటాలు, బాల్కనీ ముఖాలు, పెట్టెసీట్ల చుట్టూ మన్మథులు, ఏదైనా సరే. 1880ల నుంచి మొదటి ప్రపంచ యుద్ధం దాకా బ్రిటన్‌లో థియేటర్లు పుట్టగొడుగుల్లా లేచాయి. ఒక్క ఫ్రాంక్ మ్యాచమ్ అనే వాస్తుశిల్పికే 150కి పైగా థియేటర్ల నిర్మాణంలోనో మార్పుల్లోనో చేయి ఉంది. లండన్ కొలీజియం, హ్యాక్నీ ఎంపైర్ ఆయనవే.

ఆ కాలంలో బ్రిటన్ గోనెపట్టకు పెట్టింది పేరు స్కాట్లండ్‌లోని డండీ. అక్కడి మిల్లులకు జనపనార వెళ్లింది కలకత్తా రేవు నుంచి. బెంగాల్ రైతు మడుగులో నడుంలోతు నీళ్లలో నిలబడి ఒలిచిన నార, లండన్ దొరల తలల మీద బంగారు పూత కప్పులను పట్టి ఉంచింది. ఆ చేతుల గురించి ప్లాస్టర్ చరిత్ర పుస్తకాల్లో రాయవలసినంత రాయలేదు.

మరి కట్టు ఎందుకు చెడుతుంది? మొదటి శత్రువు నీరు. జిప్సం నీళ్లలో కరుగుతుంది, లీటరుకు 2 గ్రాములకు పైనే. పైకప్పులో చిన్న కారుడు ఏళ్ల తరబడి ఒకేచోట పడితే కట్టు కొంచెం కొంచెంగా కరిగిపోతుంది. తడిసిన నారకు బూజు పడుతుంది, ఆరితే పెళుసెక్కుతుంది. మేకు తుప్పుపట్టి ఉబ్బి చుట్టూ ఉన్న ప్లాస్టర్‌ను పగలగొడుతుంది. రెండో శత్రువు మనుషులు. తర్వాతి తరాలు ఆ చట్రాల మీదే కరెంటు తీగలు లాగారు, గాలిగొట్టాలు పెట్టారు, మరమ్మతుల కోసం కట్లను తొక్కుతూ నడిచారు. ఇక ఒక కట్టు తెగితే దాని బరువు పక్కకట్ల మీద పడుతుంది. అవీ అదే వయసువి. అందుకే ఇలాంటి కప్పు ఒక్కోసారి ముందు హెచ్చరించకుండా ఒక్కసారిగా దిగిపోతుంది. కింద నుంచి ఎంత పరీక్షగా చూసినా ప్రయోజనం ఉండదు. ముఖాన రంగు చెక్కు చెదరకుండానే ఉంటుంది.

అపోలో ఘటన తర్వాత బ్రిటన్‌లో థియేటర్ సాంకేతిక నిపుణుల సంఘం ఈ కప్పుల తనిఖీకి ప్రత్యేక మార్గదర్శకాలు తెచ్చింది. నిపుణులు పైనుంచి వెళ్లి చూడాలి, రాతపూర్వకంగా ధ్రువీకరించాలి, ఆ పత్రాలను భద్రపరచాలి. మరమ్మతు చేసేటప్పుడు పాత కట్ల పక్కన కొత్తవి కట్టి, వాటికి తోడు తుప్పుపట్టని ఉక్కు తీగలూ వేస్తున్నారు. గుడ్డకట్టు ఎప్పుడైనా జారితే తీగ పట్టుకుంటుంది. పాత పద్ధతిని తీసిపారేయకుండా దానికి రెండో ఆసరా ఇవ్వడం నాకు చాలా సబబుగా తోస్తుంది.

ఇంట్లో ఒక ప్లాస్టర్ పువ్వు బిగించేటప్పుడూ ఈ చరిత్రే పనికొస్తుంది. లండన్ పాత ఇళ్లలో మంచి పనివాడు ముందు దూలాలు ఎక్కడున్నాయో వెతికి గీతలు గీసుకుంటాడు. పాత రంగు పొరలను గీకేస్తాడు. లేకపోతే జిగురు పట్టేది కప్పును కాదు, ఊడిపోయే రంగును. పువ్వును కిందినుంచి కర్ర ఆసరాతో అదిమిపెట్టి, జిగురు ఆరేదాకా దానిమీదే భారం వేయకుండా, ఇత్తడి స్క్రూలో తుప్పుపట్టని ఉక్కు స్క్రూలో దూలంలోకి దిగేలా బిగిస్తాడు. ఇనుప స్క్రూ అయితే రెండేళ్లకే తుప్పు మరక బయటికొస్తుంది. మరీ బిగించినా పువ్వు పగులుతుంది. చివరికి స్క్రూ తలలను ప్లాస్టర్‌తో కప్పి, సన్నటి కుంచెతో ఆకు ఈనెలు మళ్లీ దిద్దుతాడు. షాండ్లియర్ బరువు మాత్రం ఎన్నడూ పువ్వు మీద పెట్టడు. దూలానికీ దూలానికీ మధ్య అడ్డకొయ్య వేసి, దానికి కొక్కెం బిగించి, పువ్వు నడుమ రంధ్రంలోంచి దించుతాడు.

హైదరాబాద్‌లో కథ కొంత వేరు. చార్మినార్ మీద, పైగా వంశస్థుల సమాధుల మీద గచ్చు పని డంగు సున్నంతో చేసింది. దాని వెనక కొయ్య చట్రాలు లేవు, ఉన్నది కట్టుబడి. పట్టు కట్టుబడికీ సున్నానికీ మధ్యే ఉంటుంది. ఆ పట్టు కూడా వాన నీటికి లొంగుతుంది. 2019 మే నెలలో చార్మినార్ మినారు నుంచి గచ్చు పెచ్చు ఊడిపడిన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. చౌమహల్లా ఖిల్వత్ దర్బారులో 19 బెల్జియం షాండ్లియర్ల కింద నిలబడినప్పుడు కూడా చూడవలసింది గాజు ఒక్కటే కాదు, అది ఎక్కడి నుంచి వేలాడుతోందో కూడా.

ఇప్పుడు మన అపార్టుమెంట్లలో పీఓపీ (ప్లాస్టర్ ఆఫ్ పారిస్) లేని హాలు అరుదు. మన పనివాళ్లు గోనెపట్ట బదులు కొబ్బరిపీచును ప్లాస్టర్‌లో ముంచి పలకల వీపున వేయడమూ ఉంది. సూత్రం దెసాషీదే. ఫ్యాన్ మాత్రం స్లాబు పోసేటప్పుడే కడ్డీలతో కలిపి పెట్టిన ఇనుప హుక్కుకు వేలాడాలి, పీఓపీకి కాదు. కొత్తగా షాండ్లియర్ కొన్నవాళ్లు, పీఓపీ పువ్వు మధ్యలో స్క్రూ వేసి ‘ఏం కాదు సార్’ అనే పనివాడిని ఆపి, స్లాబులోకి యాంకర్ దింపమనాలి. పై అంతస్తు బాత్‌రూమ్ కింద ఫాల్స్ సీలింగ్ ఉంటే, లోపల చూడటానికి మనిషి తల పట్టేంత మూత ఒకటి పెట్టించుకోవాలి. పసుపు మరక కనిపించిన రోజే దాన్ని తెరవాలి. మరక మీద రంగు వేయించుకోవడం వచ్చే వానాకాలం దాకా వాయిదా వేసినా ఇబ్బంది లేదు.